గచ్చు మీద ముప్పైరెండు

బేబి పడిపోయిన రోజున ఎండ లేదు.

ఈ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత మిల్లు గుమస్తా, మిల్లు యజమాని, విచారణకు వచ్చిన అధికారులు అందరూ ఈ ఒక్క ముక్క పట్టుకునే ఆమె చావును తుడిచేశారు.

మే నెలాఖరు. ఆకాశమంతా బూడిదరంగు మబ్బు. ఆకు కదలడం లేదు. కాలువకు నీళ్ళు కట్టేసి నెల దాటింది. అడుగున మిగిలిన మడుగులు పచ్చగా కుళ్ళి ఆవిరి చిమ్ముతున్నాయి. ధవళేశ్వరం నుంచి కిందికి దిగే ఆ కాలువ గట్టు మీద ఏడు ఉప్పుడు బియ్యం మిల్లులున్నాయి. మూడోది వీర్రాజు గారిది.

వేసవి మొదట్లో కోసిన దాళ్వా ధాన్యాన్ని తొట్లలో నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, పొగలు కక్కుతుండగానే తోపుడు బళ్ళలో తెచ్చి సిమెంటు గచ్చు మీద పోస్తారు. ఆడవాళ్ళు దాన్ని పలచగా పరిచి, అరికాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. తర్వాత అడ్డంగా నడుస్తారు. గింజ పంటి కింద టక్కున విరిగేదాకా నడుస్తూనే ఉంటారు. అరెకరం గచ్చుకు పద్నాలుగు మంది. ముఠా మేస్త్రి దేవకుమారికి యాభై ఏళ్ళు. ఆమె గింజ కొరికి ఆరిందంటే ఆరినట్టే. మిల్లులో తేమ చూసే మిషను ఉన్నా, గుమస్తా బుల్లిరాజు ముందు ఆమె మొహమే చూసేవాడు.

ఆ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. యజమాని పెట్టింది కాదు, వాళ్ళ అత్తలు పెట్టుకున్నది. పరిచిన ముఠాయే ఎత్తాలి. మధ్యలో ఎవరూ గచ్చు దిగకూడదు. సగం ఆరిన ధాన్యాన్ని వదిలేస్తే ముక్కిపోయి వాసన కొడుతుంది, ముఠాకు చెడ్డపేరు వస్తుంది. నొప్పులు పడుతూ కూడా ధాన్యం ఎత్తాకే పురిటికి వెళ్ళిన పాపాయి అనే ఆమె గురించి పేటలో ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఎండ కాసే రోజుల్లో పొద్దున్న పరిచింది రెండింటికల్లా ఎత్తేస్తారు. ఆ రోజు మూడు దాటినా గింజ పంటి కింద మెత్తగా అణుగుతోంది.

"ఇంకో రెండు చాళ్ళు తియ్యండే," అంది దేవకుమారి. "ఎండ లేదుగా, నయం."

"నయమా? ఇడ్లీ పాత్రలో కూచున్నట్టుంది నాకు," అంది లోవమ్మ. ఆమెది గోదారి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వేట లేని నెలల్లో గచ్చు మీదికి వస్తుంది. "చేపల బుట్ట నెత్తిన కారినప్పుడు కూడా ఇంత తడవలేదమ్మా."

అందరి జాకెట్లూ ఒంటికి అతుక్కుపోయాయి. చెమట ధారగా కారుతోంది. ఆరడం మాత్రం లేదు.

"అక్కా, బైబిలు తెచ్చావా? చర్చికి టైమైపోతోంది," అంది బేబి.

బేబి దేవకుమారికి తోటికోడలు. ముప్పై ఆరేళ్ళ మనిషి.

"ఏ చర్చే? ఇవ్వాళ మంగళవారం!" అని లోవమ్మ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. బేబి కూడా నవ్వింది. తన చాలు వదిలేసి అందరి చాళ్ళకూ అడ్డంపడి నడవసాగింది.

"వంకర పోతన్నావే, ఏం తాగొచ్చావే?" అన్నారెవరో.

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులు ఆగకముందే బేబి ఇంకా ఆరని ధాన్యంలో బోర్లాపడింది.

ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది. కళ్ళు తేలిపోయాయి. బుల్లిరాజు పరుగెత్తుకొచ్చి బీరువా తాళాలగుత్తి ఆమె గుప్పిట్లో కుక్కాడు.

"ఫిట్సు. ఇనుం పట్టుకుంటే అదే తగ్గుద్ది. అందరూ మూగకండి, గాలాడనివ్వండి. పన్జూసుకోండమ్మా, పన్జూసుకోండి."

పది నిమిషాలు ఇనుముతో పోయాయి. ఆటో వచ్చాక లోవమ్మ బేబిని ఒళ్ళో వేసుకుని ఎక్కింది. దేవకుమారి ఎక్కలేదు. గచ్చు మీద ధాన్యం ఉంది. మేస్త్రి దిగిపోతే ముఠా దిగిపోయినట్టే. ఆటో కనుమరుగయ్యేదాకా చూసి, ఆమె మళ్ళీ చాలులో పాదం పెట్టింది.

నాలుగున్నరకు గింజ విరిగింది. కుప్ప చేసి పట్టా కప్పుతుండగా లోవమ్మ ఫోను చేసింది.

రాజమండ్రి ఊళ్ళోకి వెళ్ళకముందే, ఆటోలోనే, బేబి చనిపోయింది.

* * *

నాలుగో రోజున అధికారులు ముగ్గురు వచ్చారు. మిల్లు ఆఫీసులో ఏసీ కింద కూచున్నారు. వాళ్ళలో పెద్దాయన ఫోనులో ఏదో చూసి, గుమ్మంలోని ఆడవాళ్ళ వైపు తల అడ్డంగా ఊపాడు.

"ఆ రోజు టెంపరేచరు ముప్పై ఏడు. వడగాలుల హెచ్చరిక కూడా లేదు. పైగా మబ్బు. వడదెబ్బ అని ఎలా రాయమంటారమ్మా?"

"ఆవిడకి బీపీ ఉందంటండి, పాపం," అన్నాడు వీర్రాజు గారు, చేతులు కట్టుకుని.

"ఎవరు చెప్పారండీ మీకు?"

గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట అన్నది ఆశాజ్యోతి. దేవకుమారి చెల్లెలి కూతురు. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. "మా పిన్ని బీపీ చూసినవాళ్ళెవరైనా ఈ గదిలో ఉన్నారాండీ? మీరు టెంపరేచరు చూసింది ఎక్కడిది? ఆఫీసు నీడలోదా, గచ్చు మీదిదా?"

"టీచరు గారూ, ఎమోషనల్ అవకండి," అన్నాడు పెద్దాయన. సహజ మరణం అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. కూల్‌డ్రింకులు తాగి జీపెక్కారు.

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో ముఠా కూచుంది. ఆశాజ్యోతి స్కూలు ల్యాబు నుంచి రెండు ధర్మామీటర్లు తెచ్చింది. ఒకదాన్ని అలాగే గోడకు కట్టింది. రెండోదాని కొసకు నూలుగుడ్డ చుట్టి, గుడ్డ చివరను నీళ్ళ గ్లాసులో వదిలింది. కాసేపు విసనకర్రతో విసిరింది.

"చదువు పెద్దమ్మా."

"పొడిది ముప్పై ఎనిమిది," అంది దేవకుమారి కళ్ళు చిట్లించి. "గుడ్డ కట్టింది ఇరవై ఎనిమిది. ఒకే గోడ మీద రెండు వేడిలేంటే?"

"గుడ్డ ఆరుతూ వేడిని లాక్కుపోతోంది. కుండలో నీళ్ళు చల్లగా ఉండేది అందుకే. మన ఒళ్ళూ అంతే. లోపల వేడి పుడుతూనే ఉంటుంది, నడిస్తే ఇంకా పుడుతుంది. దాన్ని బయటికి పంపడానికి చెమట పోస్తుంది. కానీ చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. ఆరితేనే చల్లబడుతుంది. గాలి అప్పటికే తడితో నిండిపోయి ఉంటే చెమట ఆరదు. లోపలి వేడి లోపలే పేరుకుంటుంది. ముందు మెదడు తడబడుతుంది. వారం గుర్తుండదు. నడక వంకరపోతుంది."

ఆ రోజు నవ్విన పన్నెండు మందీ నేలచూపులు చూశారు.

లోవమ్మే తేరుకుంది. "అమ్మాయ్, అయితే నలభై నాలుగు కాసిన రోజు బతికి బట్టకట్టి, ముప్పై ఏడు రోజున చస్తానా నేను? మీ సైన్సు తిరకాసుగా ఉందే."

"నలభై నాలుగూ చంపుతుంది పిన్నీ, నీళ్ళు తాగకుండా ఎండలో నిలబడితే. కానీ ఆ రోజు గాలి పొడిగా ఉంటే తడి ధర్మామీటరు ఇరవై నాలుగు దగ్గరే ఆగుతుంది. నీడ, నీళ్ళు ఉంటే ఒళ్ళు కాచుకోగలదు. తడిది ముప్పై దాటిందనుకో, కష్టమైన పని చేసే మనిషికి నీడలో కూడా ప్రమాదమే. ఎన్ని నీళ్ళు తాగినా చెమట ఆరదు కదా. బేబి పిన్ని పోయిన రోజు ఊళ్ళోనే ముప్పై ఉండి ఉంటుంది. గచ్చు మీద ఉడికిన ధాన్యం ఆవిరి కూడా కలిసింది. అక్కడ ఎంతుందో దేవుడికే తెలియాలి."

దేవకుమారి ధర్మామీటర్ల వంకే చూస్తోంది.

"ధాన్యం ఆరని రోజు," అంది మెల్లగా. "అంతేగా నువ్వు చెప్పేది? గింజ ఆరని రోజు మనిషి చెమట కూడా ఆరదు. ముప్పై ఏళ్ళ నుంచి నా పళ్ళకి తెలుసే ఈ సంగతి. ధాన్యం గురించే అనుకున్నాను."

ఆమె లేచి నిలబడింది.

"ఎండ రోజున మనం రెండింటికి దిగిపోతాం. మబ్బు రోజున నాలుగైనా, అయిదైనా దిగం. చంపే రోజునే ఎక్కువసేపు నిలబడతన్నాం. నిలబెట్టింది వీర్రాజు గారు కాదు. ఆ రోజు ఇంకో రెండు చాళ్ళన్నది నేను. నా తోటికోడలు ఆటోలో పోతంటే ధాన్యం తొక్కింది నేను."

"నోరు ముయ్యి దేవకుమారీ," అంది పాపాయి. ముఠాలో అందరికన్నా పెద్దది, అరవై దాటాయి. "కట్టుబాటు మీద పడకు. మన ముఠాకి ఈ గట్టు మీద పేరుందంటే దానివల్లే. ఏడు మిల్లుల్లో ఎవణ్ణైనా అడుగు."

"అడిగాను పెద్దమ్మా," అంది దేవకుమారి. "ఇంకోటి కూడా అడిగాను. వీర్రాజు గారి మిల్లులో డ్రయ్యరుంది కదా, మూడేళ్ళ కిందట బిగించారు. ఎన్నిసార్లు తిరిగింది?"

ఎవరికీ గుర్తు రాలేదు.

"దానికి మండించడానికి పొట్టు కావాలి, కరెంటు కావాలి. మనకైతే పేరు చాలు. ఏం జరిగినా ఈ ఆడోళ్ళు ధాన్యం వదలరని ఆయనకు తెలుసు. మన పరువుని చూసుకునే ఆయన స్విచ్చి ఎయ్యడం లేదు."

వాదన రెండు గంటలు సాగింది. మధ్యలో వదిలేస్తే ఇంకెవరూ పిలవరంది ఒకామె. పిలవకపోతే ఉపాధి పనికి పోదామంది ఇంకొకామె. అక్కడ మాత్రం చలువ పందిరి వేశారా అంది మరొకామె. చివరికి తేలింది ఇదీ: రెండు ధర్మామీటర్లూ గచ్చు మీదే ఉంటాయి. తడిది ముప్పైకి వస్తే అరగంట పని, అరగంట నీడ. ముప్పై ఒకటి దాటితే ధాన్యం ఎలా ఉన్నా అందరూ దిగిపోవాలి.

చేతులు లేచాయి. పాపాయి చెయ్యి లేవలేదు.

* * *

వీర్రాజు గారు కూచోబెట్టి మజ్జిగ ఇప్పించారు.

"నేనేం రాక్షసుణ్ణి కాదమ్మా. నలభై మూడు దాటిన రోజున పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపేద్దాం. టెంటు వేయిస్తా. ఓఆరెస్ ప్యాకెట్లు పెట్టిస్తా. ఫొటో తీసి పేపర్లో కూడా వేయిద్దాం. కానీ మబ్బు రోజున కూడా రెస్టంటే ఎవడైనా నవ్వుతాడు."

"మబ్బు రోజున డ్రయ్యరు తిప్పండి, చాలు," అంది దేవకుమారి.

"డ్రయ్యర్లో బియ్యం రంగు తేడా వస్తది."

"బేబి రంగు చూశారాండీ మీరు?"

వీర్రాజు గారి మొహం మాడిపోయింది. "ధర్మామీటర్లతో మిల్లు నడిపేదెలాగో నేను చూస్తాలే," అని లేచిపోయారు.

మర్నాడు టెంటు వచ్చింది. దాని మీద ఆయన ఫొటో ఉన్న బ్యానరు కూడా వచ్చింది. టెంటు గచ్చుకు వంద గజాల దూరంలో, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేటట్టు వేశారు.

* * *

జూన్ రెండో వారం. వానలు వస్తాయన్న కబురే గానీ చినుకు లేదు. ఆ బుధవారం పొద్దున్నే మబ్బు కమ్మింది. సర్కారుకు పంపాల్సిన బియ్యం ఆలస్యమైందని బుల్లిరాజు రెండు గచ్చుల ధాన్యం ఒక్కసారే ఉడికించాడు.

వెదురు గడకు కట్టిన తడి ధర్మామీటరు తొమ్మిదింటికి ఇరవై తొమ్మిది. పదిన్నరకు ముప్పై. ముఠా సగం సగంగా నీడలోకి వెళ్ళివస్తోంది. పదకొండుకు ముప్పై ఒకటి. కాళ్ళ కింద ధాన్యం ఇంకా పచ్చి పచ్చిగా ఉంది.

పదకొండూ నలభైకి లోవమ్మ వంగి చూసింది. "ముప్పై రెండే!"

వసారాలో చెయ్యెత్తడం వేరు, ఇది వేరు. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు కూడా దేవకుమారి పచ్చి ధాన్యాన్ని వదిలి దిగలేదు. దిగితే ఈ గట్టు మీద మళ్ళీ గచ్చు ఎక్కే దారి ఉండకపోవచ్చు. పన్నెండు మందీ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"నేను దిగను," అంది పాపాయి గచ్చు మధ్యలో నిలబడి. "పరిచినోళ్ళే ఎత్తాలి." రెండడుగులు వేసింది. ఆగింది. చుట్టూ చూసింది. "పరిచిందెవరే? మనవేనా? మా అత్త ఏదీ? ఇందాక ఇక్కడే ఉందిగా?"

ఆమె అత్త పోయి ఇరవై ఏళ్ళయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"దిగండి!" అని అరిచింది దేవకుమారి. "అందరూ దిగండి! పెద్దమ్మని ఎత్తండి!"

నలుగురు పాపాయిని ఎత్తుకుని బోరు దగ్గర చెట్టు నీడకు పరుగెత్తారు. లోవమ్మ మోటారు స్విచ్చి వేసింది. చల్లటి నీళ్ళు తల మీద, మెడ మీద, చంకల్లో పోశారు. తడి చీరకొంగులు కప్పి, బ్యానరు గుడ్డ పీకి తెచ్చి ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని విసిరారు. బుల్లిరాజు తాళాలగుత్తి పట్టుకుని వచ్చాడు.

"అది నీ బీరువాకి పెట్టుకో," అంది లోవమ్మ.

ఇరవై నిమిషాలకు పాపాయి కళ్ళు తెరిచింది. "ఏంటే, బాప్తిస్మమిస్తన్నారా?" అంది నీరసంగా. లోవమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. అంబులెన్సులో ఎక్కిస్తున్నప్పుడు పాపాయి దేవకుమారి చెయ్యి వదల్లేదు. "గచ్చు ఎక్కకండే మళ్ళీ," అంది.

ఎవరూ ఎక్కలేదు. రెండు గచ్చుల ధాన్యం పొగలు కక్కుతూ ఒంటరిగా పడి ఉంది.

బుల్లిరాజు బతిమాలాడు. తిట్టాడు. సర్కారు ధాన్యం, జైలుకు పోతారన్నాడు. చివరికి గోడౌన్లో బస్తాలు మోసే హమాలీలను పిలిచాడు. వాళ్ళ మేస్త్రి పోతురాజు తలగుడ్డ బిగించి గచ్చెక్కాడు. పదిహేను నిమిషాలు కాళ్ళీడ్చాడు. ఆగి, ధర్మామీటరు కట్టిన గడ దగ్గరకొచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఇదేం చెప్తంది, అక్కా?"

"నీ చెమట ఆరదని చెప్తంది," అంది దేవకుమారి.

పోతురాజు తన చేతుల వంక చూసుకున్నాడు. మోచేతుల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా ధాన్యంలో పడుతున్నాయి. "గోడౌన్లో కూడా ఇంతే," అన్నాడు. గచ్చు దిగి ఆడవాళ్ళ పక్కన చతికిలబడ్డాడు. వెనకే తొమ్మిది మంది హమాలీలూ దిగారు.

"డ్రయ్యరు తిప్పండి బుల్లిరాజు గారూ!" అని ఎవరో అరిచారు. తర్వాత అందరూ అందుకున్నారు. ఇరవై రెండు గొంతుకలు ఒకే మాట అంటుంటే పక్క మిల్లు గోడ మీద తలలు లేచాయి.

రెండింటికి పోలీసు జీపు, వ్యాను వచ్చాయి. యస్సై గచ్చు మీదికి రాలేదు, గట్టు మీదే నిలబడ్డాడు.

"దేవకుమారి ఎవరు?"

"నేనేనండి."

"ధాన్యం పాడు చేశావని కంప్లయింటు. ఎక్కు."

"మేమందరం పాడు చేశామండి," అంది లోవమ్మ. "అందర్నీ ఎక్కించుకోండి. వ్యాను చాలకపోతే ఇంకోటి తెప్పించండి. వీలైతే ఏసీది."

యస్సైకి నవ్వొచ్చినట్టుంది, మింగేశాడు. దేవకుమారి ఒక్కదాన్నే ఎక్కించారు. ఆడవాళ్ళు వ్యానుకు అడ్డం కూచున్నారు. మహిళా కానిస్టేబుళ్ళు ఒక్కొక్కరినే ఈడ్చేసరికి గంట పట్టింది. ఈడ్చేవాళ్ళకూ చెమట కారుతూనే ఉంది.

* * *

కంప్లయింటు రాసింది బుల్లిరాజు. మిల్లు లెటర్‌హెడ్డు మీద, వీర్రాజు గారు చెబుతుండగా, మంచి దస్తూరితో రాశాడు. ఆడవాళ్ళ తలతిక్క ఎంతటిదో లోకానికి తెలియాలన్న ఉత్సాహంలో ఇద్దరూ ఏదీ వదల్లేదు. ఆ కంప్లయింటునే స్టేషన్లో అక్షరం పొల్లుపోకుండా ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కించారు.

సాయంత్రం ఆశాజ్యోతి కాపీ తీసుకుని స్టేషను మెట్ల మీదే చదివింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. మళ్ళీ చదివింది. ఈసారి పైకి, చుట్టూ ఉన్న ముఠాకు వినబడేలా:

"మే నెలలో ఇదే గచ్చుపై పనిచేస్తూ బేబి అను కూలీ వేడికి పడిపోయి మరణించిన విషయాన్ని సాకుగా తీసుకుని, తడి ధర్మామీటరు ముప్పైరెండు డిగ్రీలు చూపుచున్నదను నెపంతో, డ్రయ్యరు నడపవలెనని డిమాండు చేయుచూ..."

"ఏమన్నాడు, ఏమన్నాడు?" అంది లోవమ్మ. "వేడికి అన్నాడా?"

"వేడికి పడిపోయి మరణించిన. వాళ్ళే రాశారు. సంతకం పెట్టారు. స్టేషను ముద్ర కూడా పడింది."

ముగ్గురు అధికారులు సహజమని కొట్టేసిన చావు, మిల్లు యజమాని ఫిర్యాదులోంచే సర్కారు కాగితం మీదికి వచ్చి కూచుంది. పక్కనే తేమ వేడి అంకె కూడా ఉంది. ఆ కాగితాన్ని ఆశాజ్యోతి ఫొటో తీసింది. చీకటి పడేలోగా అది కాలువ గట్టు మీద ఏడు పేటల్లోని ఫోన్లకు చేరింది. కాకినాడలో రొయ్యల షెడ్డు ఆడవాళ్ళకు చేరింది. కొవ్వూరు అవతల ఇటుక బట్టీలకు చేరింది. ల్యాబులో ఇంకెన్ని ధర్మామీటర్లున్నాయని తొమ్మిదో తరగతి పిల్లలు టీచరుకు ఫోన్లు చేశారు.

లోపల దేవకుమారిని యస్సై అడిగాడు. "క్షమాపణ రాసిస్తే పొద్దున్నే పంపేస్తామమ్మా. మళ్ళీ మధ్యలో పని వదలనని రాయి, చాలు."

"వదుల్తానండి," అంది దేవకుమారి. "మొన్న మే నెలలోనే వదలాల్సింది. అది రాయమంటే రాస్తాను."

పొద్దున ఆమెను కోర్టుకు తీసుకుపోయే వ్యాను కాలువ గట్టు మీదుగా వెళ్ళింది. కమ్మీల సందుల్లోంచి ఆమె మిల్లులను చూస్తూ కూచుంది. మొదటి మిల్లు గచ్చు మీద ఉడికిన ధాన్యం పొగలు కక్కుతోంది. దాని చుట్టూ ముఠా నిలబడి ఉంది. ఒక్కరి పాదం కూడా గచ్చు మీద లేదు. గుమస్తా చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు.

"ముందు తడి ధర్మామీటరు నెంబరు చెప్పండి!" అంటోంది ఆ మేస్త్రి. "నెంబరు చెప్పాకే ఎక్కుతాం!"

రెండో మిల్లులోనూ అదే. మూడో మిల్లు ముందు నిన్నటి ముఠా, హమాలీలు, ఎవరెవరో కొత్తవాళ్ళు రోడ్డు నిండా ఉన్నారు. వ్యాను నెమ్మదించక తప్పలేదు. దేవకుమారి కమ్మీలకు మొహం ఆనించి చెవి ఒగ్గింది. జనం గోల మధ్య, మిల్లు లోపలి నుంచి, మూడేళ్ళుగా వినని మోత ఒకటి వినబడుతోంది.

డ్రయ్యరు తిరుగుతోంది.

"ఒకటయ్యింది!" అని ఆమె వ్యాను లోంచి అరిచింది. "ఇంకా ఆరున్నాయే!"